గిజిగాడి గూడు, గబ్బిలం గుడారం

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పల్లెల్లో ఆడదాన్ని ఇంటితో మెప్పించే మగజీవులు రెండున్నాయి. పాతిక గ్రాముల గిజిగాడు ఒకటి, దానికి రెండింతల బరువు తూగే పొట్టిముక్కు పండ్ల గబ్బిలం మరొకటి.

వానలు పడి వరి పచ్చబడ్డాక గిజిగాడు పనిలోకి దిగుతుంది. వ్యవసాయ బావి మీదికి వంగిన తుమ్మ కొమ్మనో, తాటాకు కొసనో ఎంచుకుంటుంది. పాములకు అక్కడ అందడం కష్టం. వరి ఆకు అంచుకు ముక్కుతో గాటు పెట్టి, పీలిక పట్టుకుని ఎగిరితే జానెడో మూరెడో చీలివస్తుంది. అలా వందల సార్లు తిరగాలి. ముందు ముడులు వేసి కడియం కడుతుంది, తర్వాత బోర్లించిన బుట్టలా సగం గూడు అల్లుతుంది. ఆడపిట్ట వచ్చి చూసేది అప్పుడే. దానికి నచ్చితేనే కింది గొట్టం పూర్తవుతుంది, నచ్చని సగం గూళ్లు అలాగే వేలాడుతుంటాయి. లోపల అతికించే బంకమట్టిలో మిణుగురులను దీపాలుగా పెడుతుందన్నది అందమైన కట్టుకథ. గుడ్లు పొదగడం ఆడదాని వంతు, మగది ఈలోగా ఇంకో గూడు మొదలుపెడుతుంది. ఈ తీరును సలీం అలీ 1930లో మహారాష్ట్ర తీరంలోని కిహిం దగ్గర గమనించి రాశారు.

గబ్బిలానికి అల్లిక రాదు, కొరకడం వచ్చు. జీలుగు గెలలో మధ్య పోగులను మగది పళ్లతో తెంపేసి, లోపల బోలు చేస్తుంది. ఊళ్లలోనైతే అశోక చెట్ల ఆకులు, రెమ్మలు తుంచి చోటు చేసుకుంటుంది. తాటిచెట్టుకు వేలాడే ఎండు మట్టల కింద మాత్రం పెద్దగా శ్రమ లేదు. ఆడవి నాలుగైదు చేరాక మగది గిజిగాడిలా కొత్త కాపురం వెతుక్కోదు, గుడారానికి కాపలా ఉంటుంది. ఆడది ఏడాదికి రెండుసార్లు, కాన్పుకు ఒక్క పిల్లను కని పాలిస్తుంది.

నేర్పులో గిజిగాడిదే పైచేయి. పంట కాలంలో వడ్లు తినే ఆ పిట్టను మెచ్చుకునే ఊరు, రాత్రంతా జామ, మర్రి విత్తనాలు చల్లివచ్చే గబ్బిలాన్ని అపశకునమంటుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా పండ్ల గబ్బిలాలను ఎలుకలు, కాకుల సరసన హానికర జీవుల జాబితాలోనే పెట్టింది. ఆ జాబితాను 2022 సవరణ తొలగించింది.