విద్యార్థుల బహుమానకావ్యములు

బహుమానమునకై వ్రాసినది కావ్యమే కాదని మాలోఁ గొందఱు పండితు లందురు. 1899లో చెన్నపురి క్రైస్తవ కళాశాల యాంధ్రభాషాభిరంజనీ సమాజపుఁ బోటీకై, 20 ఏండ్లు నిండని విద్యార్థి కట్టమంచి రామలింగారెడ్డి రచించిన 'ముసలమ్మ మరణము' నెఱిఁగినవారి కీ మాట చెల్లదు. ఆతఁడు పురాణకథ నాశ్రయింపలేదు. బ్రౌను ప్రకటించిన యనంతపుర చరిత్రమునుండి, బుక్కరాయసముద్రపుఁ జెఱువుకట్ట నిలుచుటకై ప్రాణ మర్పించిన కాపుటింటి కోడలి కథఁ గైకొనెను. రాజులు లేరు, అప్సరసలు లేరు. పరీక్షకుల రుచి కాతఁడు వెఱచినట్లు కానరాదు. కావ్యము 1900లో ముద్రిత మయ్యెను.

నేఁడు నాయొద్దకు వచ్చు విద్యార్థుల మొదటి ప్రశ్న, "ఎట్టి కథకు బహుమతి వచ్చును?" అనియే. గతవత్సరపు బహుమతికథల కొలతకుఁ దమ కథలఁ గత్తిరింతురు. అచ్చులోఁ జూచుకొను త్వర సవరించుకొనుటయందు లేదు. (సంధిదోషముల మాట యెత్తను; ఎత్తిన నాకు నిద్రపట్టదు.)

అయినను దోషము వారిదే యనఁజాలను. నే నొకమాఱు నిర్ణేతనై, లక్షణమున వంకలేని యొక ఖండకావ్యమునకుఁ బ్రథమస్థాన మిచ్చి, తప్పులతడకయైన యొక కుమ్మరివాని కథను ద్రోసిపుచ్చితిని. మొదటిదానిలో నొక్క పద్యమైనను జ్ఞప్తికి రాదు. ఆ కుమ్మరి యావపుఁబొగ మాత్ర మిప్పటికిని గన్నుల మెదలుచున్నది.