కదిలినది రోగియా, బల్లయా?

పెద్దముడియము ప్రాంతపు నల్లరేగడి జొన్నచేలలో మంచె యెక్కి వడిసెల త్రిప్పినవారికి ఒక సంగతి అనుభవముచే తెలియును. మంచె ఎంత గట్టిదైనను, రాయి విడిచిన పిమ్మట కొంత తడవు ఊగుచునే యుండును. ఆ ఊపు అణగకముందే రెండవ రాయి విసరినచో గురి తప్పును. విరుగకుండుట వేరు, కదలకుండుట వేరు. సి.టి. స్కానరును గురించి తెలుగులో వెలువడు వ్యాసములు ఈ భేదమును విస్మరించుచున్నవని నా ఆక్షేపణ.

ఆ వ్యాసములు ఎక్స్‌ కిరణ నాళమును పొగడును. గ్రాహకములను, కంప్యూటరును పొగడును. రోగి పరుండు బల్లను మాత్రము ఒక్క వాక్యముతో దాటిపోవును. చిత్రము మసకబారినచో రోగి కదలెనని తేల్చివేయును.

పెద్దముడియమునుండి ఒక వృద్ధుడు ప్రొద్దుటూరికో కడపకో పోయి స్కానరు బల్లపై పరుండెననుకొందము. "పెద్దాయనా, కదలొద్దు, ఊపిరి బిగబట్టు" అందురు. చిత్రము చెడినది. "నేను మెదల్లేదు నాయనా, బల్లే ఊగింది" అని ఆయన అన్నచో వినువారెవరు? చిత్రము మరల తీయుట యనగా మరల కిరణములు సోకుట. కనుక ఇది ఊరక వచ్చిన తగవు కాదు.

న్యాయముగా చెప్పవలెనన్న, మసకకు ఎక్కువగా కారణము ఊపిరి, గుండె, ప్రేవుల కదలికయే. మంచి బల్లల కంపనము స్వల్పము. కాని ఎంత స్వల్పమైన చాలును? 1971 అక్టోబరు 1న లండనులోని ఆట్కిన్సన్ మార్లే ఆసుపత్రిలో హౌన్స్‌ఫీల్డు యంత్రము తొలి రోగి తలను చిత్రించినపుడు, ఒక్కొక్క పరిశీలనకు కొన్ని నిమిషములు పట్టినవి. నేటి యంత్రములు అర సెకను లోపలనే ఒక చుట్టు తిరిగి, సుమారు అర మిల్లీమీటరు వివరమును చూపగలవు. అంత సూక్ష్మమును చూచు కంటికి అర మిల్లీమీటరు ఊపు చిన్నది కాదు.

బల్ల ఏల ఊగును? మంచెకు నాలుగు కాళ్లున్నవి. స్కానరు బల్లకు కిరణముల దారిలో కాలు పెట్ట వీలులేదు. ఒక కొనను పీఠమున బిగించి, రెండవ కొనను వలయములోనికి చాపవలెను. ఒక గట్టునుండి మాత్రమే కాలువ మీదికి చాచిన పలక వంటిది అది. కొనయందు అదే భారముండగా, చాచిన పొడవు రెట్టింపైనచో వంగుట ఎనిమిది రెట్లగును. ఊపు మందగించి, అణగుటకును ఎక్కువ కాలము పట్టును.

దళసరి ఉక్కు వేయరాదా యందురా, ఉక్కు కిరణములను మ్రింగివేయును. మెల్లగా జరుపరాదా యందురా, రోగి ఊపిరి బిగబట్టవలసిన కాలము పెరుగును. అందుచే నిర్మాతలు పలుచని కర్బన తంతువుల రేకులు రెండింటి నడుమ తేలికైన నురుగు పదార్థమును నింపుదురు. బలమైన పదార్థము నడుమ గాక అంచున నుండుటచేతనే వెదురు బొంగు తేలికయై గట్టిగా నుండును. ఇచ్చటను అదే కిటుకు. అయినను తేలికగా, బిగువుగా నుండు పలక కొట్టిన గంటవలె అదరగలదు. ఆ అదురును మ్రింగు మెత్తని పొరయు కావలెను. మోటారు సయితము బల్లను తటాలున లాగి తటాలున ఆపరాదు. వేగమును క్రమముగా పెంచి, క్రమముగా తగ్గింపవలెను. నిండుకడవ నెత్తిన పెట్టుకొని నడచు స్త్రీకి ఇది ఎవరును నేర్పనక్కరలేదు.

ఎం.ఆర్.ఐ. స్కానరులో సమస్య మరియొక రూపమున వచ్చినది. మెదడులో నీటి అణువుల సంచారమును కొలుచు ఒక పద్ధతియందు, యంత్రములోని తీగచుట్టల అదురు బల్లకు సోకి, మెదడులో లేని లోపమును చిత్రములో చూపినదని 2010లో పరిశోధకులు ప్రకటించిరి. కొలతకును కొలతకును నడుమ వ్యవధి పెంచి ఊపును అణగనిచ్చినచో ఆ దోషము తగ్గినది. మంచెమీద వడిసెల పట్టినవాడు చేయునదియు ఇదే.

ఈ విద్య మనకు అందరానిది కాదు. అగ్ని క్షిపణికై రూపొందిన మిశ్రమ పదార్థముతో అబ్దుల్ కలాం బృందము, హైదరాబాదు నిమ్స్ వైద్యుల కోరికపై, పోలియో సోకిన పిల్లల కాలికట్టును మూడు కిలోగ్రాములకు పైబడిన బరువునుండి సుమారు 300 గ్రాములకు దించినది. వైద్యపరికరముల తయారీకై విశాఖపట్నమున 2016లో మెడ్‌టెక్ జోన్ ఏర్పడినది. తేలికయై గట్టిదైన బల్లను చేయుటకు కావలసిన జ్ఞానము మనయొద్ద కలదు. దానిని అడుగువారే కావలెను.

కావున స్కానరు కొనువారు "ఎన్ని స్లైసులు?" అను ప్రశ్నతో ఆగరాదు. నిండు భారముతో పూర్తిగా చాచినపుడు బల్ల కొన ఎంత వంగును? ఆగిన పిమ్మట ఎంతసేపటికి నిశ్చలమగును? పీఠపు మరలను, క్రింది నేలను ఎవరు, ఎప్పుడు పరీక్షింతురు? వానకు ఉబ్బి, ఎండకు బీటలువారు రేగడి నేలలు గల మన సీమలో ఈ మూడవ ప్రశ్న మరింత ముఖ్యము.

బల్ల ఊగినదని ఒక ముసలివాడు చెప్పినపుడు నవ్వి ఊరకుండక, ముందు బల్లను పరీక్షించుటయే శాస్త్రదృష్టి. మన విజ్ఞాన రచయితలు పాఠకులకు నేర్పవలసినదియు అదే.