మగ్గానికి ఎందరు?

గద్వాలలో గుంట మగ్గం దగ్గర కూర్చున్నప్పుడల్లా నేను చెప్పే కంప్యూటర్ పాఠమే కళ్లముందు ఆడుతుంది. కుప్పడం చీర. ఒంటికి నూలు, అంచుకు పట్టు. నడిమి పేకకు ఒక నాడె, రెండంచులకు చెరొకటి. మగ్గం మీద నేతాయన, పక్కన ఆయన భార్య. వరస వరసకూ ఒంటి పోగు, అంచు పోగు ఒకదాన్నొకటి మెలేసుకోవాలి. ఇద్దరి చేతులూ కుదిరితేనే దెబ్బ పడేది.

"మూడో మనిషి కూర్చుంటే తొందరగా అవుతుందా?" అని అడిగాను.

"చేతులకు చేతులు అడ్డం పడ్తయి సారూ" అన్నాడాయన.

నాగర్‌కర్నూల్‌లో నా దగ్గరికొచ్చే పిల్లలు ఆ మాట వినాలి. మొన్న ఒక జట్టు వాన లెక్కల ప్రోగ్రామ్ పట్టుకొచ్చింది. నాలుగు కోర్లు, అంటే లెక్క పంచుకునే నాలుగు ప్రాసెసర్ల మీద హాయిగా నడిచింది, పదహారింటి మీద అంతకన్నా నెమ్మదించింది. పాపం, బిక్కమొహాలు వేశారు. తప్పు కోర్లది కాదు. అడుగడుగునా పక్క కోరు లెక్క తేలేదాకా ఆగాలి, అన్నీ ఒకే మెమరీ ముందు వరస కట్టాలి.

పంచలేని భాగమున్న పనికి వేగంలో ఒక హద్దుంటుందని కంప్యూటర్ ఇంజనీర్ జీన్ ఆమ్‌డాల్ 1967లోనే చెప్పాడు. 100 గంటల పనిలో 10 గంటలు ఎవరికీ పంచలేనివి అనుకోండి. 9 ప్రాసెసర్లు పెడితే 20 గంటల్లో అవుతుంది. 90 పెడితే 11. పదింతల ఖర్చుకు కలిసొచ్చింది 9 గంటలు! వెయ్యి పెట్టినా ఆ 10 గంటలు కదలవు.

అలాగని నేను అక్కడే ఆగిపోను. 1988లో అమెరికాలోని శాండియా ప్రయోగశాలలో జాన్ గుస్టాఫ్‌సన్ బృందం 1024 ప్రాసెసర్లకు తగ్గట్టు లెక్కనూ పెంచి, వెయ్యి రెట్లు దాటిన వేగం చూపించింది. చీరలు నేయించేవాళ్లకు ఇది తెలిసిన సంగతే. ఇరవై మగ్గాలకు పడుగిస్తే ఇరవై చీరలు దిగుతాయి. ఎల్లుండి పెళ్లికి ఒక్క చీర కావాలంటే మాత్రం ఇరవై మగ్గాలున్నా ఒక్కదాని మీదే నేయాలి.

వనపర్తిలో రాజావారి బంగళాలో నడిచే పాలిటెక్నిక్ కుర్రాడొకడు "ఎన్ని కోర్ల కంప్యూటర్ కొనాలి సార్?" అన్నాడు. నీకు ఒక చీర కావాలా, ఇరవయ్యా అని ముందు అడిగాను. ఒకే చీరైతే నీ ప్రోగ్రామ్‌ను 1, 2, 4, 8 కోర్ల మీద నడిపి టైం రాసుకో, కోర్లు రెట్టింపైనా టైం తగ్గని చోట ఆగు, మిగిలిన డబ్బు మెమరీకి పెట్టు అన్నాను. వాడిని గద్వాలలో అదే మగ్గం దగ్గరికి తీసుకెళ్లాను.

మేం చూస్తుండగానే అంచు పట్టు పోగు తెగింది. ఆమె నాడె ఆగింది. ఆ మరుక్షణమే ఆయన చెయ్యీ ఆగింది.