16 మాటల వజ్రం

పరిటాల, కొల్లూరు గనుల వజ్రాలు గోల్కొండ పేరుతో లోకమంతా తిరిగాయి. తొలకరి పడితే చందర్లపాడు మండలం గుడిమెట్ల దగ్గర కొండల వెంట రాళ్ళు ఏరుకుంటూ తిరిగేవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తారు. జగ్గయ్యపేట, నందిగామ 2022లో ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళినా, పెద్దవాళ్ళ నోట ఈ నేల కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతమే. ఇక్కడి బడుల్లో నాలుగు, అయిదు తరగతుల పిల్లలచేత తప్పకుండా రాయించదగ్గ కవితా రూపం ఒకటుంది. దాని ఆకారం కూడా వజ్రమే. 1969లో ఐరిస్ టీట్ అనే అమెరికన్ అధ్యాపకురాలు బడిపిల్లల కోసం దీన్ని రూపొందించి 'డయామాంటే' అని పేరు పెట్టారు. మనం వజ్ర కవిత అందాం.

ఏడు పాదాలు. మొదటి పాదంలో ఒక నామవాచకం. రెండో పాదంలో దాన్ని వర్ణించే విశేషణాలు రెండు. మూడో పాదంలో అది చేసే పనులు మూడు, 'తూ'తోనో 'టూ'తోనో ముగిసే మాటల్లో. నాలుగో పాదంలో నాలుగు నామవాచకాలు: మొదటి రెండూ పై వస్తువుకు చెందినవి, తరవాతి రెండూ కింది వస్తువుకు చెందినవి. అక్కణ్ణుంచి మళ్ళీ తగ్గుతూ మూడు పనులు, రెండు విశేషణాలు, చివరికి మొదటిదానికి ఎదురు నిలిచే నామవాచకం. అన్నీ కలిపితే 16 మాటలు.

ధనుర్మాసంలో వాకిట్లో ముగ్గేసే పిల్లకి ఈ లెక్క కొత్త కాదు. '4 చుక్కలు, సందు చుక్క, 1 వరకు' అంటే నడుమ వరసలో నాలుగు, పైనా కిందా మూడు, రెండు, ఒకటి. అవీ 16 చుక్కలే! టీచరుగారు బోర్డు మీద ఆ చుక్కలు పెట్టి, చుక్కకో మాట రాయమంటే చాలు, రూపం గురించి ఉపన్యాసం అక్కర్లేదు. కాకపోతే ముగ్గును నడుమ వరసతో మొదలుపెడతాం, కవితను రెండు కొసల నుంచీ మొదలుపెట్టాలి. ముందు మొదటి పాదం, ఏడో పాదం. తరవాత రెండూ ఆరూ, మూడూ అయిదూ. నాలుగోది ఆఖరున. పైనుంచి కిందికి వరసగా రాసుకుంటూ పోయిన పిల్లలు సగంలో ఆగిపోతారు. ఎక్కడికి చేరాలో వాళ్ళకింకా తెలియదు మరి.

ఆకారంలో కవిత చెప్పడం మనకు పాతదే. ఖడ్గబంధం, పద్మబంధం, నాగబంధం అంటూ అక్షరాలను బొమ్మల్లో కూర్చిన చిత్రకవులు మనకున్నారు. గణపవరపు వేంకటకవి 'ప్రబంధరాజ వేంకటేశ్వర విజయ విలాసము' అలాంటి విద్యకు పెట్టింది పేరు. తాళశాస్త్రంలో మృదంగ యతి ఉంది: కొసల్లో సన్నగా, నడుమ వెడల్పుగా సాగే నడక. అయితే బంధ కవిత్వం పండితుడి సాము. వజ్ర కవిత అడిగేది నామవాచకం, విశేషణం, క్రియ. అవి నాలుగో తరగతి పిల్లవాడి దగ్గర ఉన్నవే. వ్యతిరేక పదాలను గీతలు గీసి జతపరచడంతో ఆగిపోయే పాఠం ఇక్కడ పనిలోకి దిగుతుంది. నా దృష్టిలో దీని అసలు విలువ అదే.

జతను ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. పగలు–రాత్రి, మంచి–చెడు ఇస్తే పిల్లలు పుస్తకంలో మాటలే తిరిగి రాస్తారు. వాళ్ళు కళ్ళారా చూసినవాటిని ఇవ్వాలి. వేసవిలో ఇసుక తేలిన మునేరు, 2023 జులైలో ఐతవరం దగ్గర రహదారిని ముంచి హైదరాబాద్–విజయవాడ బండ్లను ఆపేసిన మునేరు. పెనుగంచిప్రోలులో తిరుపతమ్మ తిరునాళ్ళ, తిరునాళ్ళ వెళ్ళిపోయిన మర్నాడు. పత్తి, మిరప.

పత్తి–మిరప జతనే చూద్దాం. నోటుపుస్తకంలో పేజీని నిలువుగా మడిచి, ఎడమ పక్క పత్తి, కుడి పక్క మిరప అని రాయించాలి. కంటికి ఎలా ఉంది, చేతికి ఎలా తగిలింది, ఏ చప్పుడు, ఏ వాసన? ఆ రోజుకు మాటల పోగే తప్ప కవిత వద్దు. పత్తి తీతకో మిరప కోతకో వెళ్ళే అమ్మనో నాయనమ్మనో అడిగి రమ్మనాలి. కల్లం, తాలుకాయ, తొడిమ లాంటి మాటలు అలా బడిలోకి వస్తాయి. ఆ పోగులోంచి ఇలా కట్టవచ్చు:

పత్తి
తెల్లని, మెత్తని
విచ్చుతూ, ఉబ్బుతూ, ఎగురుతూ
దూది, గింజ, తొడిమ, ఘాటు
ఎండుతూ, గలగలమంటూ, తుమ్మిస్తూ
ఎర్రని, పెళుసైన
మిరప

నాలుగో పాదాన్ని 'దూది, బట్ట, కారం, పచ్చడి' అనీ రాయొచ్చు. తప్పేమీ లేదు, కానీ మలుపు ఉండదు. 'గింజ' అలా కాదు. అది పత్తిలోనూ ఉంది, మిరపలోనూ ఉంది. కింద ఎండుకాయ గలగలమనేది ఆ గింజల వల్లే. ఎదురెదురుగా పెట్టిన రెండూ ఒక్కచోట కలుస్తాయని పిల్లలు ఆ మాట దగ్గర తామే కనిపెడతారు. అలాంటి మాట కోసం ఎంతసేపు వెతికినా నష్టం లేదు.

తెలుగులో ఒక చిక్కుంది. మన మాటలు ఒకదానికొకటి అతుక్కుని పొడవవుతాయి. 'గలగలమంటూ' వల్ల అయిదో పాదం నాలుగోదాని కంటే వెడల్పయింది. 'మోగుతూ' అంటే వజ్రం కుదురుతుంది, చప్పుడు పోతుంది. నేనైతే చప్పుడునే ఉంచుతాను. 1997లో కవి ఎన్. గోపి మొదలుపెట్టిన నానీలనే చిన్న కవితలకు 20 నుంచి 25 అక్షరాల కొలత ఉంది. ఇక్కడ కొలత మాటలదే కాబట్టి, కలిపి రాసింది ఒక మాట అని మొదటే చెప్పేస్తే పిల్లల మధ్య తగాదా రాదు.

సంక్రాంతి నాటికి ఈ చేలల్లో పత్తి ఆఖరి తీతల్లో ఉంటుంది, మిరప పండుబారి కోతకొస్తుంది. మెట్ట ప్రాంతపు టీచర్లకు నా విన్నపం ఒక్కటే. పండగ సెలవులకు ముందు రెండు పీరియడ్లు దీనికివ్వండి, ఒకటి మాటలు పోగెయ్యడానికి, మర్నాడు ఒకటి రాయడానికి. ఎర్రసిరా పెన్ను తియ్యకముందు ప్రతి పిల్లనీ, ప్రతి పిల్లవాణ్ణీ నిలబెట్టి తన కవితను పైకి చదివించండి.