‘నిన్ను’ అనే ముక్క

అరకులో ఓ కాఫీ దుకాణం గోడ ఈ వారం కాలమిస్టుకు చిరాకు తెప్పించింది. ధరలు రాయాల్సిన పలక మీద రంగు సుద్దతో జీవితం గురించి నాలుగు మాటల సూక్తి. కాఫీ ఎంతో మాత్రం ఎక్కడా లేదు.

నిజానికి పొట్టి వాక్యానికి ఆయన పాత వకీలు. కుర్ర విలేకరుల కాపీలో విశేషణం కనిపిస్తే కొట్టేయందే నిద్రపట్టదు. 1922లో అల్లూరి సీతారామరాజు మన్యం పోలీసు ఠాణాలకు దాడి గురించి ముందే కబురంపాడని జనం చెప్పుకునే మిరపకాయ టపా ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు వచ్చిందో పాఠకులకు తెలుసు. మరి గోడ మీది నాలుగు మాటలు ఎందుకు రుచించలేదు? జవాబు గిడుగు దగ్గర దొరికింది.

గిడుగు రామమూర్తి అంటే మనకు వాడుక భాష, ఆగస్టు 29. అరకు ఉన్న ఈ తూర్పు కనుమల్లోనే, పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ ఆయన సవర భాష కోసం పడ్డ పాటు అంతగా గుర్తుండదు. సవర తెలిసినవాళ్లను కూర్చోబెట్టుకుని నేర్చుకున్నారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. క్వినైన్ మింగి మింగి వినికిడి పోగొట్టుకున్నారు. మాటలు వినడానికి వెళ్లి చెవులు సమర్పించుకున్న మనిషి! 1931లో అచ్చయిన ఆయన సవర వ్యాకరణంలో ‘ఞమ్‌కిడ్‌తమ్’ అని ఒక్క మాట ఉంది. ఞమ్ అంటే పట్టడం. కిడ్ అంటే పులి. మాట మధ్యలో ఇమడడానికి కుదించుకున్న రూపం. ‘త్’ ఇంకా జరగలేదని చెబుతుంది. చివరి ‘అమ్’, నిన్ను. పులి నిన్ను పట్టుకుంటుంది!

తెలుగువాడైతే ‘పులి!’ అని అరుస్తాడు. అక్షరాల లెక్కన మనదే గెలుపు. కాలమిస్టు కూడా మొదట అదే రాసుకున్నాడు, మళ్లీ కొట్టేశాడు. మన కేక ఎవరికో తెలియదు, ఊరంతా పరుగెడుతుంది. సవర మాట అంత ఇరుకులోనూ ‘నిన్ను’ను వదల్లేదు. మిరపకాయ టపా కూడా ఫలానా ఠాణాకని బయల్దేరిందే. గోడ మీది సూక్తి మాత్రం ఎవరికీ కాదు, వచ్చినవాళ్లందరికీ. ఇన్నేళ్లుగా ఎర్ర కలంతో తాను ఎన్ని ‘నిన్ను’లు, ‘నీకు’లు ఎగరగొట్టాడో తలచుకుని ఆయనకు కాస్త గుబులు పుట్టింది.

తిరుగు ప్రయాణంలో సంతలో కొండచీపుర్లు అమ్ముతున్న ముసలమ్మను పలకరించాడు. ఎక్కడి గడ్డి, ఎప్పుడు కోస్తారు, ఎన్నాళ్లు ఎండబెడతారు అని చాలాసేపు అడిగి, చివరికి ధర దగ్గరికి వచ్చాడు.

“నీకు యాభై,” అందామె.

ముందు కొన్నాయన నలభై ఇచ్చి వెళ్లాడు.