చెమ్మగోడలు, ఉబ్బసము: ఒక గ్రంథ విమర్శ

ఇంటి గాలిలోని చెమ్మను, బూజును గూర్చి ప్రపంచ ఆరోగ్య సంస్థ యొక్క ఐరోపా శాఖ 2009లో ఒక మార్గదర్శక గ్రంథమును ప్రకటించినది. ఇంటి చెమ్మకును, శ్వాసకోశ వ్యాధులకును గల సంబంధమును చర్చించువారు నేటికిని ఈ గ్రంథమును తరచుగ పేర్కొనుచుందురు. హైదరాబాదు నడిబొడ్డున ఉన్న అమీర్‌పేట, పంజగుట్ట ప్రాంతముల ఇండ్లకు అన్వయించి చూచినపుడు దాని బలమేమో, లోపమేమో స్పష్టముగ తెలియును.

ఇచ్చట బూజు అనగా ఇంటి మూలల వ్రేలాడు సాలెగూడు కాదు; రొట్టెపైనను, నిలువ పచ్చడిపైనను పట్టు శిలీంధ్రము. దాని బీజములు గాలిలో ఎల్లప్పుడును ఉండును. వానిలో పెక్కింటి వెడల్పు మిల్లీమీటరులో వందవ వంతు కన్న తక్కువ. గోడరంగు, కాగితము, చెక్క, తోలు, చివరకు దుమ్ము కూడ దానికి ఆహారమే. ఆహారమునకు కొదువ లేదు. హైదరాబాదులో వేడికిని కొదువ లేదు. కొదువ నీటికే. గోడ ఉపరితలమున తేమ నూటికి ఇంచుమించు 80 పాళ్ళకు చేరి కొన్ని దినములు నిలిచినచో బీజము మొలకెత్తును.

తెలంగాణలో దమ్ము అని పిలువబడు ఉబ్బసమున శ్వాసనాళములు వాచియుండి, స్వల్ప ప్రేరణకే బిగుసుకొనును. ఆస్పర్జిల్లస్, క్లాడోస్పోరియం, ఆల్టర్నేరియా మొదలగు బూజుల బీజములు కొందరికి అట్టి ప్రేరణలు. కొందరు రోగులలో ఆస్పర్జిల్లస్ శ్వాసనాళములలోనే నిలిచి పెరిగి వ్యాధిని ముదిరించును. ఈ స్థితిని 1952లో లండనులో హిన్సన్, మూన్, ప్లమ్మర్ అనువారు మొదట వర్ణించిరి.

గ్రంథము యొక్క మొదటి గుణము దాని నిగ్రహము. ఘనమీటరు గాలిలో ఎన్ని బీజములుండవచ్చునో ఒక సంఖ్య చెప్పుమని చదువరి కోరును. గ్రంథము అట్టి సంఖ్యను ఇయ్యలేదు. ఆరోగ్యహానిని బూజు పరిమాణముతో కచ్చితముగ ముడిపెట్టు ఆధారము లేదనియు, కావున చెమ్మనే నివారింపవలెననియు చెప్పినది. ఇది న్యాయమే. ఫ్యాను వేసినను, చీపురు పట్టినను ఒకే గదిలో బీజముల సంఖ్య గంట గంటకు మారును. చచ్చిన బూజు పొడి కూడ కొందరి శ్వాసకు హాని చేయును. కొలతకు ఆధారము లేనిచోట కొలతను కల్పింపకుండుట శాస్త్రధర్మము. దీనివలన బీదవారికి ఒక మేలు కలదు: ముక్కవాసన కొట్టు గోడను బాగుచేయుటకు ప్రయోగశాల పత్రము అక్కరలేదు.

రెండవ గుణము సాక్ష్యములను అంతస్తులుగ విభజించుట. చెమ్మ యిండ్లలో ఉబ్బసము ఎక్కువగుటకు, శ్వాస రోగలక్షణములు కలుగుటకు తగినంత సాక్ష్యము కలదని గ్రంథము చెప్పుచున్నది. ఇది సంబంధమునకు సాక్ష్యమే కాని, ప్రతి రోగికిని గోడయే కారణమనుట కాదు. ఈ భేదమును విద్యార్థులకు బోధింప ఇంతకన్న మంచి ఉదాహరణము దొరకదు.

ఇక లోపములు. చెమ్మ యిండ్లు ఐరోపా, ఉత్తర అమెరికా, ఆస్ట్రేలియా, ఇండియా, జపానులలో నూటికి 10 నుండి 50 వరకు ఉండునని గ్రంథము అంచనా వేసినది. పదింటిలో ఒకటి అనుటకును, సగము అనుటకును ఎంత దూరము! శీతల, ఉష్ణ దేశములను ఒకే మూటగ కట్టిన అంచనా ఏ ఒక్క నగరమునకును దారి చూపజాలదు. అందలి సాక్ష్యములలో అధికభాగము చలిదేశములవి.

చలిదేశములలో శీతకాలపు బయటిగాలి నీటి ఆవిరిని కొద్దిగనే మోయగలదు. దానిని లోనికి రానిచ్చి వేడిచేసినచో గది ఆరును. హైదరాబాదులో ఆషాఢ శ్రావణములందు బయటిగాలియే తడిసి యుండును. స్నానము, వంట వలన గదిలోని తేమ బయటికన్న మించినపుడే కిటికీ తెరచుట మేలు చేయును. వానలు వెనుకబడిన పిమ్మట పొడిగాలి వచ్చును. గోడలను ఆరబెట్టు కాలమదియే. కిటికీలు తెరువుడను సలహాకు ఇచ్చట నెలను కూడ జతచేయవలెను.

అంతకన్న పెద్ద లోపము బాధ్యతల పంపకమున కలదు. కట్టడమును చెమ్మ లేకుండ నిలుపుట యజమాని పని, నీటిని, గాలిని జాగ్రత్తగ వాడుకొనుట నివాసి పని అని గ్రంథము విభజించినది. ఒక కుటుంబము ఒక ఇంట నివసించుచోట ఈ పంపకము చాలును. అమీర్‌పేటలో మైత్రీవనము చుట్టును కంప్యూటరు శిక్షణకు జిల్లాల నుండి వచ్చిన యువకులు హాస్టలు గదులలో మంచమునకు ఇంత అని అద్దె చెల్లించి ఉందురు. కిటికీ ఇరుకు సందువైపు తెరచుకొను గదులలో ఉతికిన బట్టలను లోపలనే ఆరవేయుదురు. పిండగ మిగిలిన నీరంతయు గది గాలిలోనే చేరును. బట్టలారవేయవలదని నివాసికి చెప్పుట సులభమే. ఆరవేయు చోటు ఎవరు చూపవలెను?

పంజగుట్ట అపార్టుమెంటులలో మూడవ వ్యక్తి కూడ కలడు. క్రింది యింటి పడకగోడపై మరక పై యింటి స్నానపు గదిలోని పగిలిన గొట్టము నుండి పుట్టును. స్లాబు కారుట అందరి ఉమ్మడి కష్టము. రోగి ఒకడు, నీరు వేరొకరిది, మరమ్మతు ఖర్చు ఇంకొకరిది. అందువలన గోడకు మరల రంగు వేయుటతో సరిపుచ్చుదురు. తడి గోడపై రంగు మరకను కప్పునే కాని నీటిని ఆపదు. కొన్ని నెలలకు పెచ్చులూడును. ఈ మూడవ వ్యక్తిని గ్రంథము చూడలేదు.

పెద్దల ఉబ్బసమును గూర్చి మరి రెండు పరిశీలనలు గమనింపదగినవి. 2002లో ప్రకటితమైన ఫిన్లాండు పరిశీలనలో క్రొత్తగ ఉబ్బసము వచ్చిన 521 మంది పెద్దలను అది లేని 932 మందితో పోల్చిరి. పనిచేయుచోట బూజు కనిపించుటయో, బూజువాసన ఉండుటయో జరిగినచో వ్యాధి సంభావ్యత సుమారు ఒకటిన్నర రెట్లుగ తేలినది. నీటి మరకలు మాత్రమే ఉన్నచోట అట్టి సంబంధము కానరాలేదు. కావున రోగి యింటి గోడను మాత్రమే కాక, దినమున ఎనిమిది గంటలు గడుపు సెల్లారు దుకాణమును, శిక్షణ గదిని కూడ చూడవలెను.

రెండవది 2007లో ప్రకటితమైన వేల్సు పరిశీలన. ఉబ్బస రోగులున్న 164 ఇండ్లలో కొన్నింట బూజును తొలగించి, గాలి ప్రసారమును బాగుచేసిరి. అచ్చటివారికి బాధ తగ్గినది, మందుల అవసరమును తగ్గినది. కాని ఊపిరి వదలు వేగమును కొలిచినపుడు మార్పు కానరాలేదు. తమ యిల్లు బాగుపడినదని రోగులకు తెలియును గనుక వారి మాటలో ఆ తృప్తి కొంత కలిసియుండవచ్చును. గోడ బాగుపడినంతనే ఇన్‌హేలరు మానరాదనుట దీనివలన స్పష్టము.

ఈ ప్రాంతమునకు వైద్యము దూరము కాదు. నిమ్స్ పంజగుట్టలోనే కలదు. ఎర్రగడ్డ ఛాతీ వైద్యశాల కొద్ది మైళ్ళలో కలదు. మృగశిర కార్తెనాడు చేప ప్రసాదమునకై నాంపల్లి ప్రదర్శన మైదానమున వేలమంది చేరుదురు. అది ఉబ్బసమును నయము చేయునని శాస్త్రీయ నిరూపణ లేదు. వింత యేమన, తొలకరి తడికి గోడలు చెమ్మగిల్ల నారంభించునది ఆ దినములలోనే. మందును గూర్చి ఊరంతయు మాటాడును. గోడను గూర్చి ఎవరును మాటాడరు.

గ్రంథము విడిచిన ఈ పనిని పాఠశాలలు కొంత పూరింపవచ్చును. అడుగు పొడవు, అడుగు వెడల్పు గల పారదర్శక ప్లాస్టిక్కు కాగితమును మరక గల గోడకు నాలుగు అంచులను టేపుతో అంటించి రెండు దినములు ఉంచవలెను. నీటిబొట్లు గోడవైపు కనిపించినచో చెమ్మ గోడలోనిది. గొట్టమునో స్లాబునో వెదకవలెను. గదివైపు కనిపించినచో గాలిలోనిది. మరక అంచుచుట్టు పెన్సిలుతో గీతగీసి తేదీ వేసినచో అది పెరుగుచున్నదో లేదో నెలకు తెలియును. పొడి, తడి బల్బుల ఉష్ణమాపకములతో గది తేమను లెక్కింపవచ్చును. బూజును తుడుచు పని మాత్రము ఉబ్బస రోగికి అప్పగింపరాదు.

ఈ పరీక్షలకు అయ్యెడి ఖర్చు స్వల్పము, ఫలము గొప్పది. ఇంటి యజమాని ముందర, పై యింటివారి ముందర రోగి పక్షమున మాటాడగలది తేదీ వేసిన ఆ పెన్సిలు గీతయే. చెమ్మను తొలగింపుడని 2009 నాటి గ్రంథము చెప్పిన మాట సరియైనదే. ఎవరి చెమ్మను, ఏ నెలలో, ఎవరి ఖర్చుతో అను ప్రశ్నలకు ఉత్తరము మాత్రము అమీర్‌పేట, పంజగుట్టల గోడలను పరిశీలించియే వ్రాయవలసియున్నది.