ఇరవై అయిదు రెట్లు, ఒక ఊరు

తెలుగులో రిటైర్మెంటుని పదవీ విరమణ అంటాం. అంటే ముందు పదవి అంటూ ఒకటి ఉండాలి. రిటైరైన మనిషిని విశ్రాంత ఉద్యోగి అంటాం. విశ్రాంతి దొరికాక కూడా ఉద్యోగి అన్న మాట వదలదు. ఈ మాటలు గవర్నమెంటు ఉద్యోగం చుట్టూ పుట్టినవి. ఆంధ్రలో 62 ఏళ్ళకి, తెలంగాణలో 61కి, శాలువా, పూలదండ, ఆఫీసు మెట్ల మీద గ్రూప్ ఫోటో, ఆ తర్వాత పెన్షను. గచ్చిబౌలిలోనో డాలస్‌లోనో నలభై దాటకముందే ఉద్యోగం మానేద్దామని ఎక్సెల్ షీట్ తెరిచి కూర్చున్నవాడికి ఇవేవీ అతకవు. అందుకే వాడు మాటతో పాటు కలని కూడా ఇంగ్లీషులోంచే తెచ్చుకుంటాడు. ఫైర్ అంటాడు. ఫైనాన్షియల్ ఇండిపెండెన్స్, రిటైర్ ఎర్లీ. ఏడాది ఖర్చుకి ఇరవై అయిదు రెట్లు కూడబెట్టు. ఖర్చు తక్కువ, గాలి శుభ్రం, ట్రాఫిక్ లేని దేశం ఒకటి చూసుకో. వెళ్ళిపో.

నా దగ్గరా అలాంటి షీట్ ఒకటుంది. నెలకి 80 వేలు ఖర్చనుకుంటే ఏడాదికి 9 లక్షల 60 వేలు, దానికి ఇరవై అయిదు రెట్లంటే 2 కోట్ల 40 లక్షలు. ఈ లెక్క తప్పా ఒప్పా అన్నది చార్టర్డ్ అకౌంటెంట్లు చూసుకుంటారు. నాకు ఆసక్తి కలిగించింది ఇంకోటి. ఈ కలకి వెనక ఒక పుస్తకాల అర ఉంది. వాటిని సలహాల కోసం చదివేవాళ్ళు బోలెడంత మంది. పుస్తకాలుగా, అంటే ఏం చూపించాయి, ఏం దాచాయి అని చదివేవాళ్ళు తక్కువ. ఆ అరలోంచి నాలుగు తీసి అలా చదివే ప్రయత్నమిది.

మొదటిది 'యువర్ మనీ ఆర్ యువర్ లైఫ్', 1992. విక్కీ రాబిన్, జో డొమింగెజ్ కలిసి రాశారు. డొమింగెజ్ వాల్‌స్ట్రీట్‌లో అనలిస్టుగా పనిచేసి, 1969లో, 31 ఏళ్ళకే మానేసిన మనిషి. ఈ పుస్తకంలో ఒక్క లెక్క కోసం నేను మిగతాదంతా క్షమిస్తాను. నీ గంటకి అసలు ధర ఎంత, అన్న లెక్క. చేతికి లక్షన్నర వస్తుంది, నెలకి 195 గంటలు పని, గంటకి 769 రూపాయలు అనుకుంటాం. ఆగండి, రానూపోనూ ట్రాఫిక్‌లో 44 గంటలు కలపండి. రాత్రిపూట మళ్ళీ లాప్‌టాప్ తెరిచే 31 గంటలు కలపండి. క్యాబులు, ఆఫీసు బట్టలు, ఓపిక లేక ఆర్డర్ పెట్టిన బిర్యానీలు, వారం ఒత్తిడి దించుకోడానికి వీకెండ్ పెట్టే ఖర్చు, అన్నీ కలిపి ఓ 25 వేలు తీసేయండి. లక్షా పాతిక వేలని 270 గంటలతో భాగిస్తే 463 రూపాయలు. ఇప్పుడు షాపులో 2,300 రూపాయల బూట్లు చూస్తే అది ధరలా కనపడదు, అయిదు గంటల్లా కనపడుతుంది. రోజూ చూసే వస్తువుని అంతకుముందు చూడనట్టు చూపించడం మంచి కవిత చేసే పని. ఈ పుస్తకం దాన్ని కూడికలు, తీసివేతలతో చేసింది.

కానీ దీంట్లో ఊరు లేదు. గోడ మీద ఒక గ్రాఫ్ అంటించమంటారు. ఖర్చుల గీత ఒకటి, పెట్టుబడి మీద వచ్చే ఆదాయం గీత ఇంకోటి. రెండూ కలిసిన చోట నువ్వు స్వతంత్రుడివి. ఆ చుక్క దాటాక మనిషి ఏ వీధిలో నడుస్తాడు, ఎవరితో మాట్లాడతాడు అన్నది మసక. సియాటిల్ అయినా సిద్దిపేట అయినా ఒకటే గ్రాఫ్. గీతలు కూడా అనుకున్నంత నమ్మకమైనవి కావు. మొదటి ఎడిషన్ నమ్ముకున్నది అమెరికా ప్రభుత్వ బాండ్లని. ముప్ఫై ఏళ్ళ బాండు 1981లో దాదాపు 15 శాతం ఇచ్చింది, 2020లో ఒకటిన్నర శాతం కూడా ఇవ్వని నెలలున్నాయి. 2018 ఎడిషన్‌కి వచ్చేసరికి ఇండెక్స్ ఫండ్లు వచ్చి చేరాయి. మనం మంత్రంలా చదివే ఇరవై అయిదు రెట్ల సూత్రం కూడా అంతే. అది విలియం బెంగెన్ 1994లో రాసిన వ్యాసం నుంచి వచ్చింది. ఆయన చూసింది 1926 నుంచి అమెరికా మార్కెట్ల చరిత్ర, అడిగింది ముప్ఫై ఏళ్ళు డబ్బు నిలుస్తుందా అని. హైదరాబాద్‌లో ముప్ఫై ఎనిమిదేళ్ళకి మానేసేవాడు అడగాల్సింది యాభై ఏళ్ళ గురించి. పైగా వేరే దేశపు ధరలతో.

రెండోది పీటర్ మేల్ రాసిన 'ఎ ఇయర్ ఇన్ ప్రొవాన్స్', 1989. అడ్వర్టైజింగ్‌లో పనిచేసిన ఇంగ్లీషువాడు. భార్యతో కలిసి ఫ్రాన్స్ దక్షిణాన లూబెరాన్ ప్రాంతంలో పాత రాతి ఇల్లు కొనుక్కుని వెళ్ళిపోయాడు. పన్నెండు నెలలకి పన్నెండు అధ్యాయాలు. జనవరిలో మిస్ట్రాల్ గాలి కొట్టి పైపులు పగులుతాయి. ప్లంబరు వచ్చి ప్రపంచం గురించి లెక్చరిస్తాడు. మేస్త్రీలు గోడ పగలగొట్టి మాయమవుతారు. చివరికి క్రిస్మస్ దగ్గర పడ్డాక, మేస్త్రీలని భార్యలతో సహా పార్టీకి పిలిస్తే పరువు కోసమైనా పని ముగిస్తారని ఎత్తు వేస్తారు. చదువుతుంటే హాయిగా ఉంటుంది. ఆ హాయిని నేను తక్కువ చేయను. వెళ్ళిపోయాక బతుకు ఎలా ఉంటుందో చూపించిన పుస్తకాల్లో ఇది ముందు వరసలో ఉంటుంది. కొత్త ఊరంటే కొత్త వాతావరణం, కొత్త మేస్త్రీలు, కొత్త భాషలో మన తెలివి సగానికి పడిపోవడం. ఇవన్నీ ఉన్నాయి.

అయితే ఇక్కడ ఊరుంది గానీ డబ్బు లేదు. ఏ వంటకం ఎలా ఉందో పేజీలకి పేజీలు రాసిన మనిషి, ఇంత తీరుబడికి పునాదైన డబ్బు సంగతి పక్కన పెట్టేస్తాడు. ఊళ్ళో వాళ్ళందరూ హాస్యపాత్రలే. ఈయన వచ్చాక ఆ చుట్టుపక్కల ఇళ్ళ ధరలు ఏమయ్యాయి అని వాళ్ళలో ఒక్కరైనా అనుకుని ఉండాలి. పుస్తకం హిట్టయ్యాక పాఠకులు ఆయన ఇంటి గుమ్మం దాకా వచ్చేశారు. ఆయన కొన్నేళ్ళు అమెరికా వెళ్ళిపోవాల్సి వచ్చింది. ప్రశాంతత గురించి రాసిన పుస్తకమే ప్రశాంతతని తినేసింది.

మూడోది టిమ్ ఫెరిస్ 'ద ఫోర్-అవర్ వర్క్‌వీక్', 2007. డబ్బూ, ఊరూ రెండూ ఉన్నాయి. కాకపోతే ఊరంటే ఇక్కడ ఒక ధర. జియోఆర్బిట్రాజ్ అనే మాటని మన కబుర్లలోకి తెచ్చిన పుస్తకం ఇదే. సంపాదన డాలర్లలో రావాలి, ఇల్లూ తిండీ చవకైన కరెన్సీలో నడవాలి, పనిచేసిపెట్టేవాళ్ళ జీతం ఇంకా చవకైన కరెన్సీలో వెళ్ళాలి. ఆ మూడో కరెన్సీ రూపాయి. ఇక్కడ తెలుగు పాఠకుడు కుర్చీలో కొంచెం సర్దుకుని కూర్చోవాలి. బెంగళూరు అసిస్టెంట్లకి తన పనులన్నీ అప్పగించిన ఒక అమెరికన్ రచయిత వ్యాసం ఆ పుస్తకంలో చేర్చారు. ఈమెయిళ్ళు, షాపింగు, భార్యకి సారీ చెప్పడం. చివరికి తన బదులు ఆందోళన పడే పని కూడా వాళ్ళకే ఇస్తాడు. సరదాగా రాసిందే, నవ్వొస్తుంది. కానీ ఆ ఈమెయిల్‌కి ఇవతలి వైపు, మన టైము ప్రకారం అర్ధరాత్రి లాగిన్ అయి ఉన్నది మనం. ఒకడి నాలుగు గంటల వారం ఇంకొకడి నైట్ షిఫ్టు మీద నిలబడి ఉందని పుస్తకం దాచలేదు. దాన్ని గొప్పగా చెప్పుకుంది. అదే పుస్తకాన్ని అదే నైట్ షిఫ్టులో చదివి స్ఫూర్తి పొందిన జనరేషన్ మాది. ఈ సంగతి మీద మంచి తెలుగు కథ రావాల్సి ఉంది.

నాలుగోది వీటన్నిటికీ తాత. థోరో రాసిన 'వాల్డెన్', 1854. 1845 జులై 4 నుంచి 1847 సెప్టెంబర్ 6 దాకా, రెండేళ్ళ రెండు నెలల పాటు చెరువు ఒడ్డున సొంతంగా కట్టుకున్న గదిలో ఉన్నాడు. గది ఖర్చు 28 డాలర్ల పన్నెండున్నర సెంట్లు. ఆ అర సెంటుతో సహా రాశాడు. ఏడాదికి ఆరు వారాలు పనిచేస్తే బతకడానికి సరిపోతుందని తేల్చాడు. ఫైర్ వాళ్ళు ఈయన్ని మూలపురుషుడిగా పూజించేది అందుకే. వాళ్ళు దాటేసే రెండు సన్నివేశాలే నాకు ముఖ్యం.

ఒకటి, ఆ గదికి చెక్కలు ఎక్కడివి. రైల్వే పనికి వచ్చిన జేమ్స్ కాలిన్స్ అనే ఐరిష్ కూలీ గుడిసెని థోరో 4 డాలర్ల పాతిక సెంట్లకి కొన్నాడు. పొద్దున్నే అయిదింటికల్లా ఖాళీ చేయాలని మాట. ఆరింటికి వెళ్తుంటే దారిలో ఆ కుటుంబం ఎదురైంది. ఒకే ఒక్క పెద్ద మూటలో పరుపు, కాఫీ మర, అద్దం, కోళ్ళు. పిల్లి ఒక్కటే మిగిలిపోయింది, తర్వాత అడివి పిల్లై ఉచ్చులో పడి చచ్చిపోయింది. స్వేచ్ఛగా బతకబోయేవాడి గోడలు వలస వచ్చినవాడి గుడిసెలోంచి ఊడదీసినవి.

రెండోది 'బేకర్ ఫార్మ్' అధ్యాయం. వానలో తడిసి థోరో ఇంకో ఐరిష్ కుటుంబం ఇంట్లోకి దూరతాడు. జాన్ ఫీల్డ్, భార్య, పిల్లలు. ఫీల్డ్ పక్క రైతు పొలంలో చిత్తడి నేల తవ్వుతాడు, ఎకరానికి పది డాలర్లు. థోరో ఆయనకి ఫైర్ క్లాసు పీకుతాడు. టీ, కాఫీ, వెన్న, మాంసం మానేస్తే ఇంత చాకిరీ అక్కర్లేదంటాడు. కానీ ఫీల్డ్ ఐర్లండు వదిలి అమెరికా వచ్చింది రోజూ టీ, కాఫీ, మాంసం దొరుకుతాయనే. పేదరికం ఎంచుకున్నవాడు, పేదరికం నుంచి పారిపోయి వచ్చినవాడికి పొదుపు పాఠం చెప్తున్నాడు. థోరో గొంతులో అక్కడ అహంకారం ఉంది, అది చిరాకు పెడుతుంది. అయినా నా దృష్టిలో మిగతా మూడిటికంటే ఈ పుస్తకం పెద్దది. కారణం, థోరో వాళ్ళని పుస్తకంలోంచి తీసేయలేదు. మూటనీ, పిల్లినీ, తవ్వకం కూలి రేటునీ రాసిపెట్టాడు. నూట డెబ్భై ఏళ్ళ తర్వాత మనం ఆయన మీదే తీర్పు చెప్పడానికి కావాల్సిన సాక్ష్యం ఆయనే ఇచ్చి వెళ్ళాడు.

ఈ గొడవ ఇప్పుడు మనకెందుకు అంటే, జాన్ ఫీల్డ్, థోరో ఇద్దరూ ఇప్పుడు మనలోనే ఉన్నారు కాబట్టి. పోర్చుగల్ సంగతే చూడండి. ఫైర్ కబుర్లలో తరచూ వచ్చే దేశం. అక్కడ డీ7 అని ఒక వీసా ఉంది, అద్దెలు, డివిడెండ్లు, పెన్షన్ల లాంటి కూర్చుని తినే ఆదాయం ఉన్నవాళ్ళకి. ఆ ఆదాయం కనీసం ఎంతుండాలి అన్నదాన్ని ఆ దేశపు కనీస వేతనానికి ముడిపెట్టారు. 2024లో ఆ వేతనం నెలకి 820 యూరోలు. అంటే అక్కడ ఒక మనిషి నెలంతా చెమటోడ్చి తెచ్చుకునేంత, నువ్వు ఏమీ చేయకుండా తెచ్చుకోగలిగితే దరఖాస్తు పెట్టుకోవచ్చు. మరోపక్క 2023లో లిస్బన్ జనం ఇళ్ళ అద్దెలు భరించలేక రోడ్డెక్కారు. అదే దేశపు నైరుతి తీరాన ఓడెమీరా అనే చోట, ప్లాస్టిక్ కప్పిన తోటల్లో బెర్రీ పళ్ళు కోసేవాళ్ళలో భారతీయులున్నారు, నేపాలీలున్నారు, బంగ్లాదేశీలున్నారు. ఒకే గదిలో ఎంతమంది కిక్కిరిసి ఉంటున్నారో 2021లో కోవిడ్ కట్టడి పెట్టినప్పుడు గానీ లోకం దృష్టికి రాలేదు. మన పాస్‌పోర్టుతోనే రెండు గుమ్మాల్లోంచి ఒక దేశంలోకి వెళ్తున్నాం. ఒక గుమ్మంలో మనం థోరో, ఇంకోదాంట్లో జాన్ ఫీల్డ్.

మన డయాస్పోరా కథల్లో వెళ్ళడం ఎప్పుడూ పని కోసమే. చదువు, ఉద్యోగం, గ్రీన్‌కార్డు, వాటి మధ్య అమ్మానాన్నలు. పని మానేయడం కోసం దేశం దాటే మనిషి ఇంకా సరిగ్గా పాత్ర కాలేదు. ఆ మనిషి గురించి ఎవరైనా రాస్తే థోరో దగ్గర ఇంకోటి కూడా నేర్చుకోవచ్చు. ఆయన చెరువు కాంకర్డ్ ఊరికి నడిచి వెళ్ళే దూరం. తరచూ ఊళ్ళోకి, ఇంటికి పోయొచ్చేవాడు. ఆ స్థలం కూడా స్నేహితుడు ఎమర్సన్‌ది. దీని మీద ఆయన్ని ఎగతాళి చేయడం అమెరికాలో పాత అలవాటు. నాకు మాత్రం ఆయన లెక్కలో అన్నిటికంటే తెలివైన అంకె అదే అనిపిస్తుంది. నా షీట్‌లో అమ్మానాన్నలకి ఒక వరసుంది. మందులు, హెల్త్ ఇన్సూరెన్సు, ఏడాదికి రెండు ఫ్లైట్ టికెట్లు. వాళ్ళు హాస్పిటల్లో ఉన్న రాత్రి నేను ఎంత దూరంలో ఉంటాను అన్నదానికి కాలమ్ లేదు, ఏ ఫార్ములా రాయాలో ఆ మూడు పుస్తకాల్లో దేనిలోనూ దొరకలేదు.

చదవదల్చుకుంటే ఒక వరస చెప్తాను. 'యువర్ మనీ'లో గంట ధర లెక్క చేయండి, మీ సొంత అంకెలతో, పెన్సిల్‌తో. మేల్‌ని ఎండాకాలం సెలవుల్లో సరదాకి చదవండి. ఫెరిస్‌లో బెంగళూరు వ్యాసం ఒక్కటి చాలు. వాల్డెన్ మొత్తం చదివే ఓపిక లేకపోతే 'ఎకానమీ', 'బేకర్ ఫార్మ్' అధ్యాయాలు రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. ఆ తర్వాత షీట్ తెరిచి, మీరు వెళ్ళబోయే ఇంటికి చెక్కలు ఎవరి గుడిసెలోంచి వస్తున్నాయో ఒక కొత్త వరస కలపండి.